చెత్తయు దీపమును

మా ఇండ్లలో ఒక ఆచారము కలదు. సంధ్యవేళ దీపము వెలిగించిన పిమ్మట ఇల్లు ఊడ్చినను, ఆ చెత్తను గడప దాటింపరాదు. ఒక మూలకు చేర్చి, మరునాడు ఉదయమున పారవేయవలెను. చిన్ననాడు మా నాయనమ్మను ఇందుకు కారణమేమని అడిగితిని. "దీపాలవేళ లక్ష్మి ఇంట్లోకి వస్తుందిరా. ఆ వేళ ఇంట్లోది ఏదీ బయటికి పోకూడదు" అని ఆమె చెప్పెను. విద్యుద్దీపములు లేని కాలమున చీకటిలో ఊడ్చిన చెత్తతోపాటు ముక్కుపుడకయో, కాసో పోవునేమో యను జాగ్రత్తయే దీనికి మూలమని కొందరు పెద్దలు చెప్పుదురు. ఏదియైనను, చెత్తకును దీపమునకును మన పెద్దలు ఎడము పాటించిరి.

నేడు ఆ రెండును ఒక్కచోట కలిసినవి. నగరపు చెత్తను కాల్చి, ఆ వేడిమితో నీటిని ఆవిరిచేసి, ఆ ఆవిరితో చక్రము త్రిప్పి విద్యుత్తు పుట్టించు యంత్రశాలలు మన దేశమున వెలసినవి. చెత్తయే లక్ష్మిగా మారుచున్నదని వానిని స్థాపించువారు చెప్పుచున్నారు. ఈ మాటలో నిజమెంత, ధర్మమెంత యని విచారించుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. నేను పండితుడను గాను, ఇంజనీరును గాను. ఎస్.ఎస్.ఎల్.సి. ముగించి గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే విరమించితిని. కాగితము చదువుటయు, లెక్క వేయుటయు మాత్రమే నేనెరిగిన విద్యలు. ఆ రెంటితోనే ఈ విషయమును పరిశీలించెదను. తప్పులున్న పెద్దలు మన్నింతురు గాక.

ఈ ఆలోచన క్రొత్తది కాదు. 1874లో ఇంగ్లండునందలి నాటింగ్‌హాము నగరమున చెత్తను కాల్చు కొలిమి కట్టిరి. 1897లో లండను నగరములోని షోర్‌డిచ్ అను ప్రాంతమున చెత్తను కాల్చి విద్యుత్తు పుట్టించు శాల నెలకొల్పిరి. సుప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు లార్డ్ కెల్విన్ దానిని ప్రారంభించెను. ధూళినుండి వెలుగును, శక్తియు వచ్చునను అర్థము గల లాటిను మాటలను వారు ఆ శాలకు బిరుదువాక్యముగా నుంచుకొనిరి. అప్పటికి మన బెంగుళూరు వీధులలో విద్యుద్దీపములే లేవు. 1902లో కావేరీనదిపై శివనసముద్రమున పుట్టిన విద్యుత్తు మొదట పోయినది కోలారు బంగారు గనులకు. బెంగుళూరు వీధికి 1905లో వచ్చినది. ఆ గనులలో తమిళ సోదరులతోపాటు మన తెలుగువారెందరో చెమటోడ్చిరి. 2001లో గనులు మూతబడినవి. బంగారము తీయగా మిగిలిన సైనైడు మట్టి దిబ్బలు మాత్రము నేటికిని అక్కడనే యున్నవి. గాలి వీచినప్పుడు ఆ దుమ్ము కార్మికుల వారసుల ఇండ్లమీదనే పడుచున్నది. వెలుగు వచ్చినది, బంగారము పోయినది, దిబ్బ మిగిలినది. ఈ ముచ్చట ముందు పనికివచ్చును గనుక ఇచ్చట చెప్పితిని.

స్వతంత్ర భారతమున చెత్త విద్యుత్తు చరిత్ర పెద్దగా గర్వింపదగినది కాదు. 1987లో ఢిల్లీలోని తిమార్పూరున డెన్మార్కువారి సహాయముతో రోజునకు 300 టన్నుల చెత్తను కాల్చి 3.75 మెగావాట్ల విద్యుత్తు నీయవలసిన శాలను కట్టిరి. అది మూడు వారములు మాత్రమే నడచెను. యంత్రము చెడ్డది కాదు. డెన్మార్కు చెత్తకై చేసిన కడుపునకు ఢిల్లీ చెత్త జీర్ణము కాలేదు. 2003 ప్రాంతమున విజయవాడలో 6 మెగావాట్ల శాలయు, హైదరాబాదు సమీపమున 6.6 మెగావాట్ల శాలయు, లక్నోలో చెత్తను కుళ్ళబెట్టి వాయువు తీయు 5 మెగావాట్ల శాలయు వచ్చినవి. అవియు కొన్ని యేండ్లకే మూతబడినవి. అటుపిమ్మట యంత్రములు మెరుగుపడినవి. 2020లో హైదరాబాదు జవహర్‌నగరున 19.8 మెగావాట్ల శాలయు, 2022లో విశాఖపట్టణము, గుంటూరు ప్రాంతములలో 15 మెగావాట్ల చొప్పున రెండు శాలలును ప్రారంభమైనవి. మన బెంగుళూరునకు సమీపమున బిడదిలో రోజునకు 600 టన్నుల చెత్తతో 11.5 మెగావాట్లు తీయు శాలకు 2020 డిసెంబరులో శంకుస్థాపన జరిగెను.

మొదటి శాలలు విఫలమగుటకు కారణము మన వంటయింటిలోనే యున్నది. మన చెత్తలో ఇంచుమించు సగము కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నము, అరటాకులు, పూలు. అది తడి చెత్త. ఒక కిలో నీటిని కాచి ఆవిరి చేయుటకు సుమారు 600 కిలోకేలరీల వేడిమి కావలెను. కిలో చెత్తలో అరకిలో నీరున్నచో 300 కిలోకేలరీలు ఆ నీరే త్రాగివేయును. దానికి తోడు వీధి ఊడ్చిన మట్టి, ఇల్లు కూల్చిన ఇటుకముక్కలు అందులో కలియును. తడి కట్టెలు పొయ్యిలో పెట్టి ఊదుచు కన్నీరు కార్చిన మన తల్లులకు ఈ శాస్త్రము వేరుగ బోధింపనక్కరలేదు. అందుచేతనే 2016 నాటి ఘనవ్యర్థముల నియమావళిలో, మరల ఉపయోగపడనిదియు, కిలోకు 1500 కిలోకేలరీలకు తక్కువకాని వేడిమి గలదియునైన చెత్తను పూడ్చక ఇంధనముగా వాడుకొనవలెనని విధించిరి. అనగా ఏరిన పిదప మిగిలిన పొడి చెత్తయే ఈ యంత్రమునకు తగిన ఆహారము. అన్నిటిని కలిపి కుమ్మరించిన కుప్ప కాదు.

ఇక లెక్క చూతము. 11.5 మెగావాట్ల శాల ఇరువదినాలుగు గంటలు పూర్తి బలముతో నడచినచో రోజునకు 2,76,000 యూనిట్లు. దానిని 600 టన్నులకు పంచగా టన్నునకు 460 యూనిట్లు. కిలోకు అర యూనిట్టుకంటె కొంచెము తక్కువ. ఒక కుటుంబము రోజునకు రెండు కిలోల చెత్త పారవేయుననుకొన్నను, దానినంతయు కాల్చిన వచ్చునది ఒక్క యూనిట్టుకంటె తక్కువ. వంద వాట్ల దీపము తొమ్మిది గంటలు వెలుగును. ఇందులో యంత్రశాల తన ఫంకాలకును, పంపులకును వాడుకొనునది తీసివేయవలెను. ధర చూచినను ఇది చౌక కాదు. 2015-16 సంవత్సరమునకు కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి ఇట్టి విద్యుత్తునకు యూనిట్టు 7 రూపాయల 4 పైసలుగా ధర నిర్ణయించెను. 2016లో సవరించిన టారిఫ్ విధానము ప్రకారము ఈ విద్యుత్తునంతను పంపిణీ సంస్థలు కొనితీరవలెను. కాబట్టి తేలిన సత్యమిది: విద్యుత్తుకొరకు చెత్తను కాల్చుట లేదు, చెత్తను వదిలించుకొనుటకై కాల్చుచు, దొరికినంత విద్యుత్తును తీసికొనుచున్నాము. ఇందులో తప్పులేదు. కాని వదిలించుకొనుటను సంపాదనయని పిలుచుట మాత్రము లెక్కల పుస్తకమున జమను ఖర్చును తారుమారు చేయుట యగును.

వదిలినదా యన్నచో, అదియు పూర్తిగా లేదు. కాల్చిన చెత్తలో తూకమునకు ఐదవవంతో, అంతకు మించియో బూడిదగా మిగులును. పొగగొట్టమున వడగట్టిన సన్నని బూడిదలో సీసము వంటి లోహముల విషముండును. దానిని మరల ఎక్కడనో భద్రముగ పూడ్చవలెను. క్లోరిను గల ప్లాస్టిక్కులు చాలని వేడిమిలో కాలినచో డయాక్సినులను మహావిషములు పుట్టును. అవి నశించుటకు పొగ 850 డిగ్రీల వేడిమిలో కనీసము రెండు సెకండ్లుండవలెనని నియమము. తడి చెత్త పడి మంట చల్లబడిన దినమున ఆ వేడిమి నిలచునా? నిలువనిచో ఆ సంగతి పొరుగున నివసించువానికి ఎవరు చెప్పుదురు?

మహాభారతము ఆదిపర్వమున నొక కథ కలదు. భృగుమహర్షి కోపించి, నీవు సర్వభక్షకుడవు కమ్మని అగ్నిని శపించెను. శుచియైన హవిస్సును దేవతలకు మోయు తనకు అశుద్ధమును తినుట ఎట్లని అగ్ని కలతచెంది లోకమునుండి తన తేజమును ఉపసంహరించుకొనెను. యజ్ఞములు ఆగినవి, లోకము తల్లడిల్లెను. అప్పుడు బ్రహ్మ అతనిని ఊరడించి, నీ జ్వాల తాకినదెల్ల శుద్ధమగునని వరమిచ్చెను. ఈ కథ చదివినప్పుడెల్ల నాకు చెత్త కొలిమి గుర్తువచ్చును. మనము ఆ వరమును నమ్ముకొనియున్నాము. నిప్పులో వేసిన తోడనే మన అశుద్ధము శుద్ధమైపోయినదని భావింతుము. కాని అగ్నికి వరము దొరికినది గాని, అగ్నిలో వేయువానికి ఏ వరమును దొరకలేదు. ఏమి వేయవలెను, ఎంత వేయవలెను, ఎవరి వాకిట వేయవలెను అను బాధ్యత వేయువానిదే. భోగిమంటలలో ఇంటి పాత చాపలు, విరిగిన కట్టెలు వేసిన నాడు పొరుగువాడు చలి కాచుకొనెను. అదే మంటలో నేడు టైరు వేసిన పొరుగువాడు దగ్గుచున్నాడు. నిప్పు మారలేదు, వేయునది మారినది.

ప్రతిపక్షమునకు న్యాయము చేయక పోరాదు. కాల్చనిచో చెత్త మాయమగునా? కాదు. కుప్పలుగా పడి కుళ్ళి, భూమిలోనికి విషద్రవమును, ఆకాశమునకు మీథేను వాయువును వదలును. 2017 మార్చిలో ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో కొషె యను చెత్తకొండ విరిగి గుడిసెలపై పడి వందమందికి పైగా మరణించిరి. దాని పొరుగుననే చెత్త విద్యుత్తు శాల నిర్మాణమగుచుండెను. మరుసటి సంవత్సరము అది ప్రారంభమయ్యెను. 2023 మార్చిలో కొచ్చి సమీపమున బ్రహ్మపురము చెత్తకుప్ప అంటుకొని ఆ నగరము దినముల తరబడి పొగలో మునిగెను. పద్ధతి లేక కాలు కుప్పకంటె పద్ధతిగా కాల్చు కొలిమి మేలనుటలో సందేహము లేదు. కావున ప్రశ్న కాల్చవలెనా, వలదా యనునది కాదు. ఎవరి చెత్త, ఎవరి వెలుగు, ఎవరి ఊపిరి యనునదే ప్రశ్న.

బెంగుళూరునకు తూర్పున మండూరను గ్రామము కలదు. మన నగరపు చెత్త ఏండ్లతరబడి లారీలలో అక్కడికి పోయి కొండలైనది. అక్కడ చెత్తనుండి విద్యుత్తు వచ్చునని చెప్పబడెను. విద్యుత్తు రాలేదు, చెత్త మాత్రము వచ్చుచునే యుండెను. 2014లో గ్రామస్థులు ఎదురుతిరిగి లారీల నాపిరి. ఆ సంవత్సరము డిసెంబరు 1వ తేదీతో అక్కడ చెత్త పోయుట ఆగెను. దానికి రెండేండ్ల ముందు నగరమునకు ఉత్తరమున మావళ్ళిపురలోను ఇట్లే జరిగెను. ఈ గ్రామస్థులు నగరాభివృద్ధికి అడ్డు వచ్చిరని అప్పుడు కొందరు పెద్దమనుష్యులు ఆక్షేపించిరి. లక్షలమంది మేలుకొరకు కొన్నివందలమంది ఓర్చుకొనరాదా యనిరి. వినుటకు ధర్మముగనే యుండును. కాని త్యాగము చేయువాడే చేయవలెను. ఒకనిచే బలవంతముగ చేయించునది త్యాగము కాదు. దానికి వేరే పేరున్నది.

ఈ మాట చెప్పుటకు నాకు అర్హత తక్కువ. కారణము చెప్పెదను. పేరు చెప్పనక్కరలేని ఒక కార్యాలయమున నేను తపాలు విభాగము చూచుచున్న కాలమున ఒక గ్రామమునుండి అర్జీ వచ్చెను. కన్నడములో వ్రాసిన రెండు పుటలు. క్రింద సంతకములు, వేలిముద్రలు. దానితోపాటు ఒక సీసాలో వారి బావినీళ్ళు పంపిరి. అవి పలుచని కాఫీ రంగున నుండెను. అర్జీని పుస్తకమునకెక్కించి, సంఖ్య వేసి, సంబంధించిన శాఖకు పంపడమైనదని వ్రాసితిని. సీసాకు సంఖ్య వేయు పద్ధతి మా పుస్తకములో లేదు. రెండు దినములు బల్లపై ఉంచి, మూడవ దినమున పారవేయుమని జవానుతో చెప్పితిని. అతడు దానిని చెత్తబుట్టలో వేసెను. ఆ బుట్టలోని చెత్త ఏ లారీ ఎక్కునో, ఏ ఊరికి పోవునో నాకు తెలియనిది కాదు. నేను లంచము పుచ్చుకొనలేదు, అబద్ధము వ్రాయలేదు, ఒక్క నియమమును మీరలేదు. అయినను ఆ సీసా ఇన్నేండ్లకును నా కండ్లముందు నిలచియే యున్నది. నియమము తప్పకుండుట వేరు, ధర్మము తప్పకుండుట వేరు అని ఉద్యోగము విరమించిన పిమ్మట తెలిసికొంటిని.

మరియొక సంగతి. మా వీధి ఊడ్చు పౌరకార్మికురాలు ముళబాగిలు ప్రాంతపు స్త్రీ, మాట తెలుగు. ఈ నగరపు వీధులు ఊడ్చువారిలో తెలుగు మాటలాడు దళిత స్త్రీలు వేలకొలది కలరు. చెన్నపట్టణమునను ఇంతే. ఒకనాడు ఆమెతో, "ఏమమ్మా, ఇకమీదట ఈ చెత్తంతా కాల్చి కరెంటు చేస్తారట. మీకు కష్టం తగ్గుతుందిలే" అంటిని. ఆమె చీపురు గోడకానించి నవ్వెను. "చెత్త యాడికి పోయినా మా చేతుల మింద పోవల్ల కదా సార్. కరెంటు మీ ఇంటికొస్తాది, పొగ మా ఇంటికొస్తాది. ఏంటికంటే, మా ఇండ్లు ఆ పక్కనే కదా ఉండేది" అనెను. అని, గుడ్డ చుట్టిన వ్రేలు చూపి, "ఇది మీ వీధిలో గాజుపెంకు సార్" అనెను. నేను విన్న ఉపన్యాసములలో ఇంత క్లుప్తముగ ఈ విషయమును చెప్పినవారు లేరు.

ఆమె చెప్పని మరియొక చిక్కు కూడ కలదు. యంత్రము బాగుగ మండుటకు కాగితము, అట్ట, ప్లాస్టిక్కు కావలెను. చెత్త ఏరుకొని బ్రతుకు పేదలు ఏరునది కూడ అవియే. 2011లో బెంగుళూరు నగరపాలిక అట్టివారికి గుర్తింపు కార్డులిచ్చి మంచి పని చేసెను. కాని కొలిమికి రోజునకు ఇన్ని టన్నులని ఒప్పందము కుదిరిన పిమ్మట ఆ కార్డు అన్నము పెట్టునా? మరియు కొలిమి ఇరువదేండ్లు ఆరకుండ మండవలెను. స్వీడను దేశము ఇట్టి శాలలను నడుపుటకై పరదేశములనుండి చెత్తను దిగుమతి చేసికొనుచున్నది. చెత్త తగ్గించుకొందమను బుద్ధి గల ఊరిలో, చెత్త తగ్గినచో నష్టపడు యంత్రమును నిలిపినచో ఆ బుద్ధి ఎంతకాలము నిలచును?

అయితే చేయవలసినదేమి? వియన్నా నగరమున స్పిట్టెలౌ అను చెత్త కొలిమి కలదు. అది ఊరి వెలుపల లేదు. నగరము నడుమ, జనుల ఇండ్ల మధ్య నున్నది. 1987లో అది అగ్నిప్రమాదమునకు గురికాగా, హుండర్ట్‌వాసర్ అను చిత్రకారునిచే దానిని రంగులతో తీర్చిదిద్దించి మరల నడిపిరి. దాని వేడిమి ఆ నగరపు పెద్దాసుపత్రికి పోవుచున్నది. పొగగొట్టము తమ కిటికీ ఎదుట నున్నప్పుడు దానిని శుభ్రముగ నుంచవలెనని ఎవరును బోధింపనక్కరలేదు. మనము మాత్రము కొలిమిని మన ముక్కునకు దూరముగ, ఇతరుల ముక్కునకు దగ్గరగ పెట్టుదుము. ఎవరి దీపము వెలుగునో వారి పొరుగుననే పొగగొట్టముండవలెనను నియమమొక్కటి చేసినచో, మిగిలిన నియమములన్నియు తామే అమలగునని నా నమ్మకము.

మనది పేద దేశము, వియన్నావలె ఖర్చుచేయలేమందురు. నిజమే. అట్లయినచో తక్కువ కాల్చుదము. తడి చెత్తను వేరుచేసినచో సగము భారము దిగును. అది ఎరువగును, లేదా వంటవాయువగును. పల్లెలో పెరటి పెంట పొలము నకు పోయి పంటగా తిరిగివచ్చుట మన తాతలెరుగనిదా? ఈ రాష్ట్రమున 1975లోనే కంపోస్టు అభివృద్ధి సంస్థ నెలకొల్పబడెను. ఇంటివద్దనే చెత్తను వేరుచేయవలెనని 2012లో కర్ణాటక ఉన్నత న్యాయస్థానము ఆదేశించెను. ఇందుకు యంత్రము వలదు, అప్పు వలదు. రెండు బుట్టలును, కొంచెము సిగ్గును చాలును. పొడి చెత్తలో పనికివచ్చునది ఏరుకొనువారికి పోగా, ఏ విధమునను పనికిరానిది మిగిలినచో దానిని కాల్చవచ్చును. అప్పుడును పొగలో ఏమున్నదో అంకెలు గ్రామస్థులకు వారి భాషలో నిత్యము తెలియవలెను; వారి సమ్మతి లేక ఇటుక పేర్చరాదు.

మన సంఘమునకు ఒక మనవి. ఉగాదినాడు మన సభ ముగిసిన పిమ్మట హాలు వెనుక ఆకులు, ప్లాస్టిక్ గ్లాసులు, నీటి సీసాలు, దండలు ఒక్క కుప్పగా పడియుండును. తెల్లవారి వచ్చి ఎత్తువారు తెలుగువారే. లోపల మనము తెలుగు భాష గొప్పతనమును గూర్చి ఉపన్యసించుచుండగా, ఆ భాష మాటలాడు చేతులే బయట మన ఎంగిలిని ఏరుచున్నవి. వచ్చు ఉగాదికి తడికొకటి, పొడికొకటిగా బుట్టలుంచుదము. చెత్త యెత్తు ఆ తల్లులను పచ్చడి తినుటకు, మొదటి వరుసలో కూర్చుండుటకు పిలుతము. ఇది దయ కాదు, బాకీ తీర్చుట.

మా నాయనమ్మ ఆచారమునకు మరియొక అర్థము నాకిప్పుడు తోచుచున్నది. చెత్త ఒక రాత్రి ఇంటిలోనే యుండవలెను. ఉదయపు వెలుతురులో ఒకసారి దానిని చూచి, పనికివచ్చునది తీసి, మిగిలినది మాత్రమే గడప దాటింపవలెను. చూడక, చీకటిలో, ఎవరి వాకిటనో పడునట్లు పారవేయరాదు. నగరమునకును ఇదియే ధర్మము. చెత్తనుండి దీపము వెలిగింపవచ్చును గాని, ఆ దీపపు వెలుతురులో ముందుగా మన చెత్తను మనము చూచుకొనవలెను.